రేడియేటరులో తరుగు: కనిపించని కూలెంట్ నష్టాన్ని కనుగొనే విధానం

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నేడు ట్రాక్టరుతోబాటు ఒక కారో, పికప్ వాహనమో ఉన్న వ్యవసాయ కుటుంబాలు అరుదు కాదు. మదనపల్లె మార్కెట్టుకు టమాట, దామలచెరువు మండీలకు మామిడి, పట్టణాలకు పాలు, కూరగాయలు ఈ వాహనాల మీదనే చేరుతున్నాయి. వీటి యజమానుల నోట తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటున్నది. "బండి కింద చుక్క పడదు, పొగలో తేడా లేదు, అయినా పది దినాలకొకసారి అర లీటరు నీళ్లు పోయాల్సొస్తాంది." దీనికి మరమ్మతు షాపులో సాధారణంగా రెండు సమాధానాలు లభిస్తాయి. మొదటిది, "పోసుకుంటా తిప్పండి, ఏం కాదు" అనేది. రెండవది, "హెడ్ గ్యాస్కెట్ పోయింటుంది, ఇంజను విప్పాల" అనేది. మొదటి సలహా కొంతకాలానికి ఇంజనును బలిగొనవచ్చు. రెండవది కొన్ని వందల రూపాయల మూతతో తీరే దోషానికి వేల రూపాయలు ఖర్చు చేయించవచ్చు.

మార్కెట్టులో తరుగు పేరిట కిలో కోత విధిస్తే కారణమడిగే రైతు, రేడియేటరులో అర లీటరు తరుగుకు కారణమడగకుండా నీళ్లు పోసి ఊరకుండటం విచిత్రమే. సస్యశాస్త్రం చెప్పే ఆచార్యునికి ఇంజనుతో పనేమిటని పాఠకులకు తోచవచ్చు. పొలంలో నీటి సమతుల్యతను లెక్కించే పద్ధతే ఇక్కడా వర్తిస్తుంది కనుక ఈ వ్యాసం. వర్షం, తడుల ద్వారా చేరిన నీటి నుంచి ఆవిరైనది, పారిపోయినది, నేలలో నిలిచినది తీసివేయగా మిగిలినది వేరుమండలం దాటి లోతుకు ఇంకినట్లు గ్రహిస్తాం. ఆ ఇంకుడు కంటికి కనబడదు, అయినా లెక్కకు అందుతుంది. ఇంజనులోని శీతలీకరణ వ్యవస్థ పొలం కంటె ఎంతో సులభమైన క్షేత్రం. అందులో వర్షం పడదు, చేరేది మనం పోసినది మాత్రమే. పోవడానికి మూడు దారులే ఉన్నాయి: వెలుపలికి, సిలిండరులోకి, ఇంజను ఆయిల్‌లోకి. కారణం తెలియని నష్టమని మనం పిలిచేవాటిలో అధికభాగం కొలవని నష్టాలే.

ముందుగా నష్టం నిజమా కాదా?

ఈ ప్రశ్నను చాలామంది దాటవేస్తారు. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీల నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు పెరిగితే దాని ఘనపరిమాణం సుమారు 3 శాతం పెరుగుతుంది. ఆరు లీటర్లు పట్టే వ్యవస్థలో ఇది దాదాపు 190 మిల్లీలీటర్లు. గ్లైకాల్ కలిసిన ద్రవంలో ఈ వ్యాకోచం మరికొంత ఎక్కువ. మార్కెట్టు నుంచి తిరిగివచ్చిన వెంటనే సీసాలో మట్టం చూచి, మరునాటి ఉదయం మళ్లీ చూచినవారికి ఒక గ్లాసు నీరు మాయమైనట్లు కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అదేవిధంగా కూలెంట్ పూర్తిగా మార్చిన తరువాత ఇంజను అరల్లో చిక్కుకున్న గాలి క్రమంగా వెలువడుతుంది, ఆ మేరకు మొదటి వారంలో మట్టం దిగుతుంది. ఇది నష్టం కాదు, నిండుబాటు మాత్రమే.

కావున కొలత ఎప్పుడూ ఒకే స్థితిలో తీసుకోవలెను. రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజను, సమతలమైన ఒకే చోటు, తెల్లవారుజాము వేళ. సీసా మీద సన్నని గీత గీసి, పోసే ద్రవాన్ని కొలపాత్రతో కొలిచి, తేదీని, తిరిగిన కిలోమీటర్లను, ప్రయాణ స్వభావాన్ని ఒక పుస్తకంలో వ్రాసుకొనవలెను. చివరి అంశం ముఖ్యమైనది. ఇంటికీ పొలానికీ మధ్య తిరిగిన వారంలో తరుగు లేక, బంగారుపాళెం దాటి మొగిలి ఘాటు ఎక్కి పలమనేరు వెళ్లిన వారంలోనే తరుగు కనిపిస్తే అది ఒత్తిడికి, ఉష్ణోగ్రతకు సంబంధించిన దోషమని సగం తేలినట్లే. బండి నిలిపి ఉంచిన రోజుల్లోనూ తగ్గుతుంటే ఇంజను చల్లబడినప్పుడు తెరచుకొనే సందును వెదకాలి. లోహాలు, రబ్బరు వేర్వేరు పరిమాణాల్లో సంకోచిస్తాయి కనుక వేడిలో బిగిసే అతుకు చలిలో వదులు కావడం వింతేమీ కాదు.

రేడియేటరు మూత

అతి చౌకైన ఈ భాగాన్ని అందరూ చివరకు అనుమానిస్తారు. మొదట అనుమానించవలసినది దీనినే. సముద్రమట్టం వద్ద నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. 0.9 బార్ ఒత్తిడిని నిలిపే మూత బిగించిన వ్యవస్థలో అదే నీరు సుమారు 118 డిగ్రీల వరకు మరగదు. మూతలోని స్ప్రింగు నీరసించినా, రబ్బరు వలయం గట్టిపడి బీటలువారినా ఈ రక్షణ పోతుంది. ఎత్తు పెరిగే కొద్దీ మరుగు స్థానం ఇంకా దిగుతుంది. సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ చొప్పున లెక్కిస్తే తిరుమల కొండపై 97 డిగ్రీలకే నీరు మరుగుతుంది. 1,265 మీటర్ల ఎత్తున్న హార్సిలీ కొండపై మరో డిగ్రీ తక్కువ. వేసవిలో ఎయిర్ కండిషనర్ వేసుకొని, నిండు బరువుతో, రెండో గేరులో భాకరాపేట ఘాటు ఎక్కే వాహనంలో ఇంజను నీరు 100 డిగ్రీలు దాటడం అసాధారణం కాదు. మూత బాగుంటే ఏమీ జరగదు. మూత బాగులేకుంటే కాసింత ద్రవం ఆవిరిగా వెళ్లిపోతుంది, దిగువకు వచ్చేసరికి బానెట్ కింద తడి కూడా మిగలదు.

మూతలో రెండవ కవాటం ఒకటున్నది, దీని పని చాలామందికి తెలియదు. వేడికి వ్యాకోచించిన ద్రవం పెద్ద కవాటం గుండా పక్క సీసాలోకి పోతుంది. ఇంజను చల్లబడినప్పుడు ఏర్పడే శూన్యత వల్ల నడిమి చిన్న కవాటం తెరుచుకొని ఆ ద్రవం వెనుకకు వస్తుంది. ఈ చిన్న కవాటం పట్టేసినా, సీసాకు పోయే సన్నని గొట్టం చీలినా ద్రవం పోవడమే గాని రావడం ఉండదు. అప్పుడు సీసా నిండుగా ఉంటుంది, రేడియేటరు మాత్రం వెలితిగా ఉంటుంది. సీసా చూచి తృప్తిపడే యజమాని ఇక్కడే మోసపోతాడు. ఉదయం చల్లగా ఉన్నప్పుడు రేడియేటరు పై హోస్ పైపు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తే ఈ లోపాన్ని అనుమానించాలి. కొన్ని ఆధునిక కార్లలో రేడియేటరుకు మూతే ఉండదు, ఒత్తిడి మూత ప్లాస్టిక్ తొట్టిపైనే ఉంటుంది. వాటిలో ఆ తొట్టి అతుకు వెంట ఏర్పడే సన్నని బీటలను వెలుతురులో పరిశీలించాలి.

ఒక హెచ్చరిక. 110 డిగ్రీల వేడిలో ఒత్తిడి కింద ఉన్న ఆరు లీటర్ల ద్రవంపై మూత ఒక్కసారి తెరిస్తే, అందులో సుమారు రెండు శాతం క్షణంలో ఆవిరవుతుంది. అది రెండు వందల లీటర్లకు పైగా ఆవిరి, దానితోబాటు మరిగే నీరు ముఖంపైకి చిమ్ముతుంది. గోనెసంచి కప్పి తిప్పితే ఫరవాలేదనుకోవడం పొరపాటు. పై హోస్ పైపును చేత్తో సులభంగా నొక్కగలిగేంత వరకు, అనగా కనీసం ముప్పావు గంట, ఆగాలి.

వెలుపలి దారి

చుక్క నేలపై పడకపోవడం కారుట లేదనడానికి నిదర్శనం కాదు. ఒక మిల్లీలీటరుకు సుమారు 20 చుక్కలనుకుందాం. పది సెకన్లకొక చుక్క చొప్పున కారితే గంటకు 18 మిల్లీలీటర్లు, రోజుకు ఐదు గంటలు నడిచే బండికి పది రోజుల్లో 900 మిల్లీలీటర్లు. వేడెక్కిన సిలిండరు బ్లాకుపై పడే అటువంటి చుక్క నేలను చేరే అవకాశమే లేదు. అయితే నీరు ఆవిరైనా అందులోని పదార్థం మిగిలిపోతుంది. కూలెంట్ అయితే పచ్చనిదో, గులాబీ రంగుదో జిగురు పొర, బోరు నీరయితే తెల్లని సున్నపు చార. చౌడు నేలలో నీరెండిన చోట తేలే తెల్లని పొరను గుర్తుపట్టిన కన్ను దీనినీ గుర్తుపట్టగలదు.

నీటి పంపు కింది భాగంలో తయారీదారులు ఉద్దేశపూర్వకంగా ఉంచిన చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే మొదట అక్కడ మరక కనిపిస్తుంది. టైమింగ్ బెల్టుతో తిరిగే పంపులున్న ఇంజన్లలో ఇది కవరు వెనుక దాగి ఉండటం వల్ల విప్పకుండా కనబడదు. హోస్ పైపు చివర్లు, క్లిప్పులు, రేడియేటరులో అల్యూమినియం భాగానికి ప్లాస్టిక్ తొట్టి కలిసే అంచు, బ్లాకు పక్కలకు కొట్టిన కోర్ ప్లగ్గులు తరువాతివి. మన ప్రాంతంలో పూర్తిగా మరచిపోయే భాగం మరొకటి హీటరు. తిరుపతి ఎండలో దానిని వాడినవారెవరూ ఉండరు. అయినను అనేక కార్లలో ఇంజను నీరు డాష్‌బోర్డు వెనుకనున్న ఆ చిన్న రేడియేటరు గుండా ప్రవహిస్తూనే ఉంటుంది. ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ తడిగా ఉన్నా, అద్దం లోపలి వైపు జిడ్డుపొర ఏర్పడుతున్నా, కారులో తియ్యని వాసన వస్తున్నా తరుగు అక్కడిదే. కారు కింద ముందు భాగంలో చేరే స్వచ్ఛమైన, జిగురులేని నీరు మాత్రం ఎయిర్ కండిషనర్ నుంచి వచ్చినది, దానితో కలవరపడనవసరం లేదు. ద్రవం ఏదో తెలుసుకోవడానికి వ్రేలితో రుద్ది చూడండి, నాలుకపై మాత్రం పెట్టరాదు. కారణం చివర చెబుతాను.

కంటితో తేలనప్పుడు పీడన పరీక్ష చేయించాలి. చల్లని ఇంజనుకు మూత స్థానంలో చేతిపంపు అమర్చి, మూతపై ముద్రించిన ఒత్తిడి వరకు గాలి కొట్టి పదిహేను, ఇరవై నిమిషాలు ముల్లును గమనిస్తారు. ముల్లు దిగకుంటే చల్లని స్థితిలో కారుట లేదు. దిగితే ఎక్కడో ఒకచోట తడి కనిపించి తీరాలి. ముల్లు దిగుతూ తడి ఎక్కడా కనిపించకుంటేనే ద్రవం లోపలికి పోతున్నదని అర్థం. హెడ్ విప్పించడానికి ముందు ఈ పరీక్ష జరిగిందా అని యజమాని తప్పక అడగాలి. ఇది జరగకుండా హెడ్ విప్పడాన్ని నేను నిర్ధారణగా అంగీకరించను. ఇదే పరికరంతో మూతను కూడా విడిగా పరీక్షించవచ్చు.

లోపలి దారులు

సైలెన్సరు చివర నీటి చుక్కలు చూచి గ్యాస్కెట్ పోయిందని నిశ్చయించేవారున్నారు. ఒక లీటరు డీజిల్ గాని పెట్రోలు గాని కాలినప్పుడు అందులోని హైడ్రోజను వల్ల సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. మార్గశిర, పుష్య మాసాల చలి ఉదయాల్లో అది తెల్లని ఆవిరిగా, చుక్కలుగా కనిపించడం సహజం. ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత కూడా, ఎండవేళలోనూ, తియ్యని వాసనతో తెల్లని పొగ ఆగకుండా వస్తుంటేనే దానిని లక్షణంగా గ్రహించాలి.

గ్యాస్కెట్‌లో చీలిక ఉంటే ద్రవం సిలిండరులోకి పోవడంతోబాటు దహన వాయువులు ద్రవంలోకి వస్తాయి. చల్లని ఇంజను స్టార్టు చేసిన ఒకటి రెండు నిమిషాలకే, నీరు ఇంకా వేడెక్కక ముందే, పై హోస్ పైపు రాయిలా గట్టిపడటం, తొట్టిలో ఆగకుండా బుడగలు రావడం ఇందుకు గుర్తులు. దీనిని రూఢిపరచే పరీక్ష మన ప్రయోగశాలల వారికి సుపరిచితమైన బ్రోమోథైమాల్ బ్లూ సూచికతో చేసేదే. తొట్టి పైభాగంలోని గాలిని ఆ నీలి ద్రావణం గుండా పీలుస్తారు. కార్బన్ డయాక్సైడ్ ఉంటే నీలం పసుపుగా మారుతుంది. డీజిల్ ఇంజను పొగలో, అందునా ఖాళీగా తిరిగేటప్పుడు, ఆ వాయువు తక్కువ కనుక రంగు ఆకుపచ్చ దగ్గరే ఆగవచ్చు. ఇంజను వేగం కొంత పెంచి పరీక్షించడం మేలు. కూలెంటే పరికరంలోకి ఎక్కితే ఫలితం చెల్లదు, కాబట్టి ముందుగా మట్టాన్ని కొంచెం తగ్గించాలి.

డీజిల్ వాహనాలలో తెల్లపొగకు మరో మూలం ఉన్నది. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి తిరిగి ఇంజనులోకి పంపే ఈజీఆర్ కూలరు అనే భాగం కాలుష్య ప్రమాణాలు కఠినమయ్యే కొద్దీ విస్తృతమైంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోనికి వచ్చిన తరువాతి డీజిల్ వాహనాల్లో ఇది సర్వసాధారణం. ఈ కూలరు లోపల చిల్లుపడితే కూలెంట్ నేరుగా పొగగొట్టాల్లోకి పోతుంది. లక్షణాలు గ్యాస్కెట్ లోపం వలెనే ఉంటాయి, మరమ్మతు మాత్రం పూర్తిగా వేరు. హెడ్ విప్పి, రుద్దించి, గ్యాస్కెట్ మార్చి బిగించిన తరువాత కూడా తరుగు ఆగలేదంటే దీనిని పరీక్షించలేదని ఊహించవచ్చు. కూలరును విడదీసి విడిగా ఒత్తిడి పెట్టి చూడటం హెడ్ విప్పడం కంటె చిన్న పని.

ట్రాక్టర్లు, పెద్ద డీజిల్ ఇంజన్లలో మూడవది. వీటిలో అధికభాగం నీరు నేరుగా తాకే వెట్ లైనర్లతో ఉంటాయి. పిస్టను కొట్టే దెబ్బకు లైనరు కంపించి, దాని వెలుపలి గోడపై నీటిలో సూక్ష్మ బుడగలు పుట్టి పగులుతుంటాయి. ఆ తాకిడి ఇనుమును సూదిమొనంత గుంటలుగా తొలిచి, చివరకు చిల్లు చేస్తుంది. కూలెంట్‌లోని నిరోధక రసాయనాలు గోడపై పలుచని పొర ఏర్పరచి దీనిని అడ్డుకుంటాయి. ఒట్టి నీటికి ఆ శక్తి లేదు. ఇక్కడ ద్రవం సిలిండరులోకో, ఆయిల్ తొట్టిలోకో చేరుతుంది. రాత్రంతా సిలిండరులో నిలిచిన నీరు ఉదయం స్టార్టు చేసినప్పుడు అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఆయిల్ పోసే మూత అడుగున మీగడ వంటి పదార్థం కనిపించినంత మాత్రాన భయపడరాదు. తక్కువ దూరాలు తిరిగే బండ్లలో చెమ్మ వల్ల కూడా అది ఏర్పడుతుంది. గేజి పుల్లకు అంటిన ఆయిల్ పాలటీ రంగుకు మారినా, పోయకుండానే మట్టం పెరిగినా బండిని అక్కడే ఆపాలి. అనుమానమున్నప్పుడు ఆయిల్ నమూనాను విశ్లేషణకు పంపవచ్చు. కూలెంట్‌లోని నిరోధకాలు సోడియం, పొటాషియం లవణాల రూపంలో ఉంటాయి కనుక ఆయిల్‌లో ఈ రెండూ పెరిగితే నీరు కలిసినట్లు తెలుస్తుంది. గేజి పుల్లపై రంగు మారక ముందే ఇది బయటపడుతుంది.

బోరు నీటి ఖాతా

తరుగు స్వల్పమని ఏడాది పొడుగునా బోరు నీరు పోసేవారు ఒక లెక్క చూడవలెను. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండటం వాంఛనీయం, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతి. మన రాతినేలల్లో లోతు బోర్ల నీరు తరచుగా కఠిన జలమే. 600 మిల్లీగ్రాముల నీటిని వారానికి అర లీటరు చొప్పున పోస్తే ఏడాదికి 26 లీటర్లు, దానితో 15 గ్రాములకు పైగా కఠిన లవణాలు లోపలికి వెళతాయి. తరుగు ద్రవరూపంలో కారుతుంటే లవణమూ కొంత వెళ్లిపోతుంది. ఆవిరిగా పోతుంటే మాత్రం నీరే పోతుంది, లవణం నిలుస్తుంది. మురుగు సౌకర్యం లేని పొలానికి ఉప్పునీరు పెట్టినప్పుడు జరిగేది కూడా ఇదే. బైకార్బనేట్లు వేడికి విడిపోయి సున్నపు పెచ్చుగా మారి, అత్యధిక వేడి ఉండే హెడ్ అరల్లోనే మొదట పేరుకుంటాయి. ఈ పెచ్చు పోత ఇనుముకంటె ఇరవై రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. అక్కడ హెడ్ వేడెక్కి వంగుతుంది, గ్యాస్కెట్ నిజంగానే పోతుంది. చిన్న తరుగు పెద్ద తరుగును కనే క్రమం ఇది.

గ్రామాల్లోని ఆర్వో నీరు బోరు నీటికంటె నయం. బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటరు ఇంకా మేలు. ఐఎస్ 5759 ముద్ర ఉన్న కూలెంట్‌ను తయారీదారు చెప్పిన పాళ్లలో దానితో కలిపి పోయడం సరైన పద్ధతి. మంచు పడని ఊళ్లో కూలెంట్ ఎందుకనే వాదన తరచుగా వింటాం. మనకు దానివల్ల కలిగే ప్రయోజనం గడ్డకట్టకుండుట కాదు. తుప్పు నివారణ, లైనరు రక్షణ, ఎక్కువ మరుగు స్థానం కోసం దానిని వాడతాం. వేర్వేరు రకాల కూలెంట్లను రంగు చూచి కలపరాదు, రంగుకు ప్రమాణమేదీ లేదు.

చిల్లు మూయడానికి రేడియేటరులో పసుపు పొడి పోయడం పాత డ్రైవర్ల చిట్కా. దారిలో చిక్కుకున్నవారిని ఇల్లు చేర్చవచ్చు, కాని ఆ పొడి చిల్లును మూసినట్లే సన్నని రేడియేటరు గొట్టాలనూ మూస్తుంది. వేడి ప్రాంతమని థర్మోస్టాట్ పీకివేయడం మరో అలవాటు. అందువల్ల ఇంజను తగిన ఉష్ణోగ్రత చేరక ఇంధనం వృథా అవుతుంది, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. తరుగు మాత్రం యథాతథంగా కొనసాగుతుంది. ఈ విషయాలను చేతితో చేసి నేర్వదలచిన యువకులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ట్రాక్టరు ఇంజను గురించి అక్కడ నేర్చినది కారుకూ చాలావరకు పనికివస్తుంది.

పరీక్షల కోసమో, మార్పు కోసమో తీసిన పాత కూలెంట్‌ను షెడ్డు ముందరి కాలువలోకి వదలడం మన వద్ద నిత్యం కనిపిస్తుంది. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, మూత్రపిండాలను నాశనం చేస్తుంది. కుక్కలు, పశువులు దానిని నాకుతాయి, పిల్లలు రంగునీరని ముట్టుకుంటారు. నాలుకపై పెట్టరాదని పైన చెప్పినది ఇందుకే. పాత్రలోకి పట్టి, మూత బిగించి, దానిపై విషమని వ్రాసి, వాడిన ఆయిల్ సేకరించే మరమ్మతు కేంద్రానికి ఆయిల్‌తో కలపకుండా విడిగా అప్పగించాలి. తీసిన ద్రవాన్ని కొలిచి పుస్తకంలో వ్రాసుకోవడం కూడా మరువరాదు. వ్యవస్థలో నిజంగా ఎంత మిగిలి ఉండినదో ఆ ఒక్క అంకె చెబుతుంది.